హోసూరు గాలి బరువెంత?

హోసూరు, డెంకణికోట, కెలమంగలం, బాగలూరు వైపు పిల్లలు ఏరోస్పేస్ ఇంజనీరింగ్ గురించి అడిగేటప్పుడు మాట దాదాపు ఒకేలా మొదలవుతుంది. "నాకు విమానాలంటే ప్రాణం సార్. మా ఇంట్లో ఇంజనీర్లు లేరు. ఏ పుస్తకం చదవాలో తెలీదు. దారి చూపించే మనిషి ఒక్కరు దొరికితే చాలు." ఆ మాట అన్న ప్రతి పిల్ల కోసం, ప్రతి పిల్లాడి కోసం ఈ అధ్యాయం.

ముందు నువ్వు ఏ ఊళ్లో కూర్చుని ఈ మాట అంటున్నావో ఒకసారి చూడు. హోసూరు నుంచి తళి వెళ్లే దారిలో బెళగొండపల్లి ఉంది. అక్కడ తనేజా ఏరోస్పేస్ సంస్థకు సొంత రన్‌వే ఉంది. ఇటలీకి చెందిన పార్టెనావియా లైసెన్సుతో ఆరు సీట్ల, రెండు ఇంజన్ల పి-68సి విమానాన్ని అక్కడే కట్టారు. బెంగళూరులోని నేషనల్ ఏరోస్పేస్ లేబొరేటరీస్, అంటే ఎన్‌ఏఎల్, రూపొందించిన 'హంస' శిక్షణ విమానాలు కూడా అక్కడ తయారయ్యాయి. తమిళనాడు రక్షణ పరిశ్రమల కారిడార్‌లోని ఐదు కేంద్రాల్లో హోసూరు ఒకటి. 2 వేల ఎకరాల్లో, ఏటా 3 కోట్ల మంది ప్రయాణించేలా ఇక్కడ విమానాశ్రయం కడతామని 2024 జూన్‌లో ముఖ్యమంత్రి శాసనసభలో ప్రకటించారు. అత్తిబెలె దాటి ఇంకాస్త పోతే బెంగళూరు. 1940లో మొదలైన విమాన తయారీ సంస్థ హెచ్‌ఏఎల్, 1942లో ఏరోనాటిక్స్ శాఖ పెట్టిన ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, 1959లో పుట్టిన ఎన్‌ఏఎల్ అన్నీ ఒక పూట ప్రయాణంలోనే ఉన్నాయి. ఈ దేశంలో విమానాల మీద ఆశ పెంచుకున్న పిల్లల్లో నీ అంత దగ్గరగా ఉన్నవాళ్లు తక్కువ.

ఇంత దగ్గరలో ఉన్నా మనిషి ఎందుకు దొరకడంలేదు? నా అభిప్రాయం సూటిగా చెబుతాను. గురువు దొరకాలంటే ముందు నీ చేతిలో ఒక పని ఉండాలి. ఆ పని ఎక్కడో ఒకచోట ఆగిపోయి ఉండాలి. ఆగిన చోటు ఇదీ అని నువ్వు వేలుపెట్టి చూపించగలగాలి. తెలిసినవాళ్లకు తీరిక ఉండదు నిజమే. కానీ ఆగిపోయిన పనిని చూస్తే వాళ్లు ఊరుకోలేరు. పని తెలిసినవాళ్ల స్వభావమే అది.

ఏరోస్పేస్ శాస్త్రవేత్త రొద్దం నరసింహ గారి కథ ఇక్కడ చెప్పుకోవాలి. ఇంటిపేరు మన అనంతపురం సీమలోని ఊరి పేరే. 1933లో పుట్టారు. తండ్రి ఆర్.ఎల్. నరసింహయ్య బెంగళూరు సెంట్రల్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతూ, సైన్సును కన్నడంలో రాసిన మనిషి. కొడుకు బెంగళూరులోనే మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. ఆ రోజుల్లో ఒకసారి సైన్స్ ఇన్‌స్టిట్యూట్‌లో ఓపెన్ డే నాడు ఏరోనాటిక్స్ శాఖ ఆవరణలో నిలబెట్టిన స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం చూశాడు. అది మనసులో పడిపోయింది. రైల్వేలో చేరమన్న సలహాలు వచ్చినా, 1953లో డిగ్రీ కాగానే ఇన్‌స్టిట్యూట్‌లో చేరాడు. అప్పటికి రెండేళ్ల క్రితమే అమెరికాలోని కాల్‌టెక్ నుంచి సతీశ్ ధావన్ అక్కడికి వచ్చి ఉన్నారు.

ధావన్ ఆ కుర్రాడికి ఉపన్యాసాలిచ్చి వదిలేయలేదు, ఒక చిక్కు ముడి అప్పగించారు. విమానం రెక్క మీద, దాని ఉపరితలానికి అంటుకుని, పలచని గాలి పొర ఒకటి పారుతుంది. దాన్ని బౌండరీ లేయర్ అంటారు. మొదట ఆ పొర నెమ్మదిగా, పొరలుపొరలుగా సాగుతుంది. కాస్త ముందుకెళ్లాక అల్లకల్లోలమవుతుంది. ఈ మార్పు ఎక్కడ మొదలై ఎలా పాకుతుంది? 1957లో నరసింహ ఆ విషయం మీద పేపరు ప్రచురించారు. మరుసటి ఏడాది ధావన్‌తో కలిసి ఇంకొకటి. ఆ తర్వాత కాల్‌టెక్‌లో, ధావన్‌కు గురువైన హాన్స్ లీప్‌మన్ దగ్గరే పీహెచ్‌డీ చేశారు. 1984 నుంచి 1993 వరకు ఎన్‌ఏఎల్ డైరెక్టరుగా ఉన్నారు. హంస మొదటిసారి ఎగిరింది 1993 నవంబరులో. నీ హోసూరు పక్క ఊళ్లో తయారైన విమానానికీ, ఓపెన్ డే నాడు స్పిట్‌ఫైర్ ముందు నిలబడ్డ కుర్రాడికీ మధ్య ఉన్న దారి అది.

ఆ గురుశిష్యుల మధ్య మొదటి నుంచీ ఒక పని ఉంది. నీకూ ఒక పని కావాలి. గాలిని సొరంగంలో వదిలి నమూనాలను పరీక్షించే విండ్ టన్నెల్ లేకపోయినా ఇంట్లో మొదలుపెట్టగలిగే పని ఒకటి చెబుతాను.

ఒక గ్లైడర్ చెయ్యి. బాల్సా కర్ర దొరికితే మంచిది, దొరక్కపోతే పలచని డిప్రాన్ లేదా థర్మాకోల్ షీటు చాలు. రెక్క పొడవు ఈ చివర నుంచి ఆ చివరకు 80 సెంటీమీటర్లు, వెడల్పు 10 సెంటీమీటర్లు. మొత్తం బరువు 80 గ్రాములు ఉండేలా చూడు. కిరాణా కొట్టు తక్కెడ పనికిరాదు, నగల దుకాణంలో అడిగితే గ్రాములకు సరిగ్గా తూచి ఇస్తారు. ముక్కు దగ్గర బంకమట్టి కొంచెం కొంచెంగా అంటిస్తూ, రెక్క ముందు అంచు నుంచి సుమారు 3 సెంటీమీటర్ల వెనక బరువు నిలిచేలా సరిచెయ్యి. ముక్కు ఎత్తి ఆగి కిందపడుతుంటే మట్టి పెంచు. నేరుగా నేలకు దూకుతుంటే తగ్గించు. గాలి లేని చోటు కావాలి కాబట్టి, ముహూర్తాలు లేని రోజున ఖాళీగా ఉన్న కల్యాణ మండపం అడుగు. నేల మీద సుద్దతో మీటరు మీటరుకు గీతలు పెట్టు. స్నేహితుడి చేత ఫోన్‌లో వీడియో తీయించు.

ఎగరేసే ముందు, ఎంత వేగంతో ఎగరాలో కాగితం మీద లెక్క వెయ్యి. బరువును రెక్క మోసే బలంతో సమానం చేస్తే వేగం వస్తుంది. ఆ లెక్కలో గాలి సాంద్రత కావాలి. పుస్తకం 1.225 అంటుంది, ఘనమీటరుకు అన్ని కిలోలని. రెక్క ఎంత బాగా మోస్తుందో చెప్పే లిఫ్ట్ గుణకం 0.6 అనుకుంటే, ఆ సంఖ్యతో నీ గ్లైడర్ వేగం సెకనుకు 5.2 మీటర్లు వస్తుంది.

కానీ 1.225 సముద్రమట్టం దగ్గర, 15 డిగ్రీల చలిలో ఉండే గాలిది. హోసూరు సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి పీడనం 910 హెక్టోపాస్కల్ దరిదాపుల్లో ఉంటుంది. ఫోన్‌లో వాతావరణం యాప్ తెరిస్తే 1010 అని చూపిస్తుంది. దాన్ని నమ్మకు. ఊళ్ల మధ్య పోలిక కుదరడానికి సముద్రమట్టానికి సవరించి చూపించే అంకె అది. అసలు పీడనాన్ని పాస్కల్‌లలో తీసుకో: 91,000. దాన్ని గాలి స్థిరాంకం 287తోనూ, కెల్విన్‌లలో ఉష్ణోగ్రతతోనూ భాగించు. 25 డిగ్రీలంటే 298 కెల్విన్. జవాబు 1.06. పుస్తకం సంఖ్య కంటే నూటికి 13 వంతులు తక్కువ. వేగం 5.5కు పెరుగుతుంది. ఎనిమిది మీటర్ల పొడవు, ఆరు వెడల్పు, మూడు ఎత్తు ఉన్న నీ తరగతి గదిలో గాలి బరువు 150 కిలోల పైనే అని కూడా ఈ సంఖ్యే చెబుతుంది.

కృష్ణగిరిలో నీకు స్నేహితురాలుంటే, అదే గ్లైడర్‌ను అక్కడ కూడా ఎగరేయాలని అనిపిస్తుంది. ఊరు కొన్ని వందల మీటర్లు కిందికి, ఎండ ఎక్కువ. లెక్క వేస్తే సాంద్రత 1.09 దగ్గర తేలుతుంది. వేగంలో తేడా నూటికి ఒకటిన్నర కూడా ఉండదు. ఫోన్ వీడియోతో అంత చిన్న తేడా పట్టుబడదు. పట్టుబడదని బస్సెక్కక ముందే లెక్క వేసి తెలుసుకోవడం ఇంజనీరు చేసే పని. ఇది నీకు అలవాటైతే, చదువు సగం మొదలైనట్టే.

ఇప్పుడు ఎగరెయ్యి. 2 మీటర్ల ఎత్తు నుంచి వదిలితే 20 మీటర్లు పోవాలని నువ్వు అనుకున్నావు. 14 మీటర్లే పోయింది. మళ్లీ మళ్లీ వేశావు, అంతే. ఇదిగో, పని ఆగింది. ఇప్పుడు ఉత్తరం రాయవచ్చు.

చాలామంది రాసే ఉత్తరం ఇలా ఉంటుంది: "గౌరవనీయులైన సార్, నాకు ఏరోస్పేస్ అంటే చాలా ఆసక్తి. నేను పేద కుటుంబం నుంచి వచ్చాను. దయచేసి నాకు గైడెన్స్ ఇవ్వండి. ఏ పుస్తకాలు చదవాలో, ఏ కాలేజీలో చేరాలో చెప్పండి." ఇందులో అబద్ధం లేదు, తప్పు లేదు. అయినా చదివినవాళ్లు దీనికి జవాబివ్వాలంటే ఒక పుస్తకమే రాయాలి. రేపు చూద్దాంలే అనుకుంటారు, ఆ రేపు రాదు.

నువ్వు ఇలా రాయి: "నమస్కారం సార్. నేను హోసూరులో ప్లస్ వన్ చదువుతున్నాను. 80 సెంటీమీటర్ల రెక్కతో, 80 గ్రాముల బరువుతో గ్లైడర్ చేశాను. గాలి సాంద్రత 1.06 తీసుకుంటే వేగం 5.5 రావాలి, వీడియోలో కొలిస్తే 5.6 వచ్చింది. కానీ 2 మీటర్ల ఎత్తు నుంచి 20 మీటర్లు పోతుందనుకుంటే 14 మీటర్లే పోతోంది. వేగం సరిపోయి దూరం తగ్గింది కాబట్టి, నేను అనుకున్నదానికంటే డ్రాగ్ ఎక్కువ ఉందనుకుంటున్నాను. రెక్క మీది గాలి విడిపోతోందా, లేక నా రెక్క నున్నగా లేకపోవడం వల్లా? మొదట ఏది మార్చి చూడమంటారు? ఫొటో, కొలతల పట్టిక జతచేశాను." ఇంగ్లిష్‌లో రాయాల్సి వస్తే ఇంతే సంగతిని చిన్న చిన్న వాక్యాల్లో రాయి. వ్యాకరణం తప్పినా ఫరవాలేదు. అంకెలు తప్పకూడదు.

ఈ ఉత్తరం చదివిన మనిషి రెండు నిమిషాల్లో జవాబు చెప్పగలడు. "రెక్క పైభాగాన, ముందు అంచు నుంచి ఒక సెంటీమీటరు వెనక, పొడవునా ఒక సన్నని దారం అంటించి చూడు" అనవచ్చు. దారం ఎందుకు? రేనాల్డ్స్ సంఖ్య అని ఒకటుంది. వేగాన్ని రెక్క వెడల్పుతో హెచ్చవేసి, గాలి జిగటతనాన్ని తెలిపే సంఖ్యతో భాగిస్తే వస్తుంది. నీ గ్లైడర్‌కు అది 30 వేల పైచిలుకు. బెళగొండపల్లిలో కట్టిన పి-68కు 70 లక్షల పైమాటే. అంత పెద్ద విమానం మీద గాలి పొర దానంతటదే అల్లకల్లోలమై, రెక్కను అంటిపెట్టుకుని పోతుంది. నీ చిన్న రెక్క మీద పొర నెమ్మదిగా సాగి, ఓపిక చాలక మధ్యలోనే రెక్కను వదిలేస్తుంది. అక్కడ డ్రాగ్, అంటే విమానాన్ని వెనక్కి లాగే గాలి బలం, పెరుగుతుంది. దారం ఆ పొరను కావాలని చెదరగొడుతుంది. చెదిరిన పొర ఇంకాస్త దూరం అంటుకుని ఉంటుంది. బొమ్మ విమానాల పోటీలకు వెళ్లేవాళ్లకు ఇది తెలిసిన కిటుకే. ధావన్, నరసింహ కలిసి తవ్విన విషయం కూడా సరిగ్గా ఇదే: నిదానమైన పొర ఎప్పుడు, ఎలా చెదురుతుంది అన్నది. కల్యాణ మండపంలో నీ పని ఆగిన చోటు, 1950లలో వాళ్లు పట్టుకున్న చోటు ఒకటే.

దారం అంటించు. మళ్లీ కొలువు. దూరం పెరిగినా, పెరగకపోయినా వారంలోపు ఆ మనిషికి మళ్లీ రాయి. నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైన ఉత్తరం ఈ రెండోదే. సలహా తీసుకుని మాయమయ్యే పిల్లలు ఎందరో. సలహా ప్రకారం చేసి, ఫలితం రాసి, తర్వాతి ప్రశ్న అడిగే పిల్లను ఎవరూ మరచిపోరు. దూరం పెరగలేదని నిజాయితీగా రాస్తే గౌరవం ఇంకా పెరుగుతుంది. అలా నాలుగైదు ఉత్తరాలు నడిచాక "మీరు నాకు గురువుగా ఉంటారా" అని అడగాల్సిన అవసరం రాదు, ఆ సరికే వాళ్లు నీ గురువులు.

ఎవరికి రాయాలి? పెద్ద పేర్ల వెంట పడకు. ప్రొఫెసర్ల కంటే వాళ్ల దగ్గర పీహెచ్‌డీ చేస్తున్న అన్నలూ అక్కలూ నీకు ఎక్కువ పనికొస్తారు. చేతులు మాసేది వాళ్లవే, నీ వయసు గుర్తున్నదీ వాళ్లకే. హోసూరులోనే అదియమాన్ ఇంజనీరింగ్ కాలేజీలో ఏరోనాటికల్ శాఖ ఉంది, అక్కడి మూడో ఏడాది విద్యార్థి నీకు మొదటి మెట్టు కావచ్చు. ఒకేసారి పదిమందికి ఒకే మెయిల్ పంపకు. ఒక్కరికి రాయి, రెండు వారాలు ఆగు, ఒకసారి గుర్తుచెయ్యి, తర్వాత ఇంకొకరికి రాయి.

గురువు అనగానే తెల్ల చొక్కా, నల్ల బోర్డు గుర్తొస్తాయి. సిప్‌కాట్ పారిశ్రామిక వాడలో, టూల్‌రూమ్‌లో ఇరవై ఏళ్లుగా పనిచేస్తున్న మామయ్యో, మీ వీధిలో సీఎన్‌సీ ఆపరేటరుగా ఉన్న అన్నో గుర్తుకు రారు. అల్యూమినియం ముక్కను మిల్లీమీటరులో వందో వంతు దాకా ఎలా తేవాలో, మైక్రోమీటరు ఎలా పట్టుకోవాలో, డ్రాయింగులో టాలరెన్స్ అంటే ఏమిటో వాళ్లు చెప్పినట్టు ఏ పుస్తకమూ చెప్పదు. విమానంలో ప్రతి భాగమూ ఆ కొలతల మీదే నిలబడుతుంది. ఇంట్లో తెలుగు, బళ్లో తమిళం, సంతలో కన్నడం మాట్లాడే నీకు ఇక్కడ ఎవరికీ లేని సౌకర్యం ఉంది. టూల్‌రూమ్‌లో తమిళంలో అడగగలవు, బెంగళూరు ల్యాబ్ అసిస్టెంటుతో కన్నడంలో మాట్లాడగలవు. ఇన్ని భాషల మధ్య పెరగడం భారమని నీకు ఎవరైనా చెప్పి ఉంటే, ఆ మాట పక్కన పెట్టు.

పుస్తకాల సంగతి. వందల పీడీఎఫ్‌లు దింపుకుని ఒక్కటీ తెరవని జబ్బు ఇప్పుడు పిల్లలకు బాగా ఉంది. ఒక్క పుస్తకం పట్టుకో: జాన్ ఆండర్సన్ రాసిన 'ఇంట్రడక్షన్ టు ఫ్లైట్'. ప్లస్ టూ లెక్కలు వస్తే చాలావరకు అందుతుంది. వాతావరణం మీద ఉన్న మూడో అధ్యాయం చదువుతూ హోసూరు సాంద్రత నువ్వే లెక్కవెయ్యి. అంతకంటే తేలిగ్గా మొదలుపెట్టాలంటే నాసా గ్లెన్ కేంద్రం విద్యార్థుల కోసం పెట్టిన ఏరోనాటిక్స్ పాఠాలు ఉచితం. ఐఐటీల ప్రొఫెసర్లు చెప్పిన ఎన్‌పీటీఈఎల్ వీడియోలూ ఉచితమే, పరీక్ష రాసి సర్టిఫికెట్ కావాలంటేనే రుసుము. రెక్క ఆకారాల కోసం ఇల్లినాయి విశ్వవిద్యాలయం వాళ్ల ఎయిర్‌ఫాయిల్ భాండాగారం, వాటిని పరీక్షించడానికి ఎక్స్‌ఎఫ్‌ఎల్‌ఆర్5 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఉన్నాయి. కానీ గ్లైడర్ ఒకసారైనా నేల మీద పడ్డాకే సాఫ్ట్‌వేర్ ముట్టుకో.

కాలేజీ గురించి మీ నాన్నగారు కచ్చితంగా అడుగుతారు కాబట్టి క్లుప్తంగా. తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగులో ప్లస్ టూ మార్కులే లెక్క: గణితం 100, ఫిజిక్స్ 50, కెమిస్ట్రీ 50, మొత్తం 200. ప్రభుత్వ బళ్లో చదివినవాళ్లకు 2021 నుంచి 7.5 శాతం ప్రత్యేక కోటా ఉంది, అర్హత నియమాలు ముందే చూసుకో. తిరువనంతపురంలో ఇస్రో అంతరిక్ష విద్యాసంస్థ ఐఐఎస్‌టీకి జేఈఈ అడ్వాన్స్‌డ్ రాయాలి. ఏరోనాటికల్ సీటు రాలేదని కుంగిపోకు. నరసింహ మెకానికలే చదివారు. తేజస్ యుద్ధ విమానం కార్యక్రమాన్ని నడిపించిన కోట హరినారాయణ కూడా మెకానికలే. కలాం ముందు తిరుచ్చిలో ఫిజిక్స్ డిగ్రీ చేసి, ఆ తర్వాతే క్రోంపేట ఎంఐటీలో ఏరోనాటిక్స్‌కు వెళ్లారు. మంచి మెకానికల్ శాఖ ఉన్న కాలేజీ, విండ్ టన్నెల్ తాళం తీయని ఏరోనాటికల్ కాలేజీ కంటే మేలని నా గట్టి నమ్మకం.

రెండు జాగ్రత్తలు. "ఇంటర్న్‌షిప్" అని ఇన్ని వేలు కట్టించుకుని, వారం తర్వాత రంగుల సర్టిఫికెట్ చేతిలో పెట్టేవాళ్లు ఉన్నారు. ఆ కాగితానికి ఈ రంగంలో విలువ లేదు, అమ్మ చీటీ డబ్బు అందులో పోయకు. ఆడపిల్లలకూ, నిజానికి అందరికీ: ఎవరినైనా మొదటిసారి కలిసేటప్పుడు ల్యాబ్‌లోనో, లైబ్రరీలోనో, ఆఫీసులోనో కలువు. వెంట అమ్మనో, స్నేహితురాలినో తీసుకెళ్లు. మంచి మనిషి దానికి ఏమీ అనుకోరు. అనుకుంటే, ఆ మనిషి నీకు అక్కర్లేదు.

ఇంకొక్కటి. సైన్స్ ఇన్‌స్టిట్యూట్ ఓపెన్ డే ఇప్పటికీ ఏటా, ఫిబ్రవరి మార్చి నెలల ప్రాంతంలో జరుగుతుంది. టిక్కెట్టు లేదు. తేదీ వాళ్ల వెబ్‌సైట్‌లో చూసుకుని, హోసూరు బస్టాండులో తెల్లవారుజాము బస్సెక్కు. మధ్యాహ్నానికి జనం ముసురుకుంటారు, పొద్దున్నే వెళ్తే విండ్ టన్నెల్ దగ్గర నిలబడ్డ పరిశోధక విద్యార్థితో తీరిగ్గా మాట్లాడవచ్చు. కొలతల నోటుపుస్తకం, గ్లైడర్ వెంట తీసుకెళ్లు. రెక్క మధ్యలో విడదీసి మళ్లీ బిగించేలా ముందే చేసుకో, 80 సెంటీమీటర్ల రెక్క ఆ రద్దీ బస్సులో విరగకుండా చేరదు.